కనబడని కామెర్లు

పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని మనలో ఒక సామెత కలదు. ఆ సామెతను పుట్టించినవారు రోగి కన్నులను చూచిరి, గోళ్లను చూచిరి, ఆ పసుపువన్నెయే వ్యాధి యని తలచిరి. మేము ఈ ప్రసంగమున చెప్పబోవునది దానికి తలక్రిందైన కథ. కన్ను తెల్లగానే యుండును. ఆకలి చక్కగా వేయును. మనిషి పొలము పనియో, గని పనియో చేసికొనుచునే యుండును. ఐనను అతని రక్తమున కామెర్లు కాపురముండును. అట్టివాడు మంచి మనసుతో రక్తము దానము చేసినచో, తాను రోగినని యెఱుగకయే మఱియొకనికి రోగము నిచ్చినవాడగును. ఇట్టి దాతలను శాస్త్రజ్ఞు లెట్లు వెదకి కనుగొనిరో, ఆ వెదకులాటకు ఎన్ని యేండ్లు పట్టెనో, శ్రోతలకు కొంత విన్నవింప దలచితిమి.

ఇది ఎక్కడనో పరదేశమున జరిగిన సంగతి, మనకేల యని కరీంనగరు, ఆదిలాబాదు సీమలవారు తలపరాదు. గోదావరికి ఇరుదరులను గల ఈ రెండు పాత జిల్లాలు 2016వ సంవత్సరమున అనేక జిల్లాలుగా విడిపోయినను, వీని రక్తపు అక్కఱ మాత్రము విడిపోలేదు. బెల్లంపల్లి, మందమఱ్ఱి, గోదావరిఖని ప్రాంతముల బొగ్గుబాయిలలో పనిచేయువారికి ప్రమాదములు క్రొత్త కావు. కాన్పు సమయమున రక్తము కోలుపోవు తల్లులు ప్రతి యూరను కలరు. ఇక ఆదిలాబాదు అడవులలోని గోండు, కోలాము కుటుంబములలో సికిల్ సెల్ అను వంశపారంపర్యపు వ్యాధి కలదు. అందు ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొని, త్వరగా నశించును. ఆ వ్యాధిగల బిడ్డలలో కొందఱికి మరల మరల రక్తమెక్కింపవలసి వచ్చును. పదియేండ్లు నిండునాటికి అట్టి బిడ్డ నాళములలో ఎందఱెందఱి రక్తము ప్రవహించియుండునో! ఆ యందఱిలో ఒక్కనియందు కనబడని కామెర్లున్నను చాలును.

కామెర్లన్నియు ఒకటి కావని ముందుగా మనవి చేయవలెను. మా చిన్ననాట పల్లెలో ఎవరికైనను కన్నులు పచ్చబడినచో ఉప్పు, నూనె మాన్పించి, నేల ఉసిరి పసరు త్రాగించెడివారు. కొందఱు చేతికి వాతలు కూడ పెట్టెడివారు. కొన్నాళ్లకు రోగి కోలుకొనెడివాడు, వైద్యునకు పేరు వచ్చెడిది. అవి పెక్కు పర్యాయములు కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు. వానిలో ఎక్కువ భాగము తమంతట తామే తగ్గును. గర్భవతుల విషయమున మాత్రము అవియు ప్రాణాంతకములు కావచ్చును. 1955-56 సంవత్సరములలో ఢిల్లీ నగరమున యమున నీటితో మురుగునీరు కలిసి, సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చెను. అది ఏ వైరసు చేసిన పనియో ఆనాడు తెలియలేదు. రోగుల రక్తపు తేటను కొందఱు భద్రపఱచి యుంచుటచేత, దశాబ్దముల పిమ్మట పరీక్షించి, ఈనాడు మనము హెపటైటిసు ఇ అని పిలుచు జాతి దానికి కారణమని నిర్ణయింపగలిగిరి. భద్రపఱచిన తేట, దానిపై వ్రాసిన చీటీ, ఈ రెండింటి విలువ మన కథలో మరల మరల కనబడును.

రక్తముద్వారా వచ్చు కామెర్ల జాడ మొదట జర్మనీలోని బ్రెమెన్ రేవున తెలిసెను. 1883వ సంవత్సరమున అచటి ఓడల కర్మాగారమున 1,289 మంది పనివారికి మశూచికపు టీకాలు వేసిరి. ఆ టీకా పదార్థము మనుష్యులనుండి తీసిన రసముతో చేయబడినది. కొన్ని వారములనుండి కొన్ని నెలలలోపల 191 మందికి కామెర్లు వచ్చెను. టీకా వేయించుకొనక అదే కర్మాగారమున పనిచేసినవారికి రాలేదు. లూర్మన్ అను వైద్యుడు ఎవరికి టీకా పడినదో, ఎవరికి పడలేదో లెక్క వ్రాసి, తప్పు టీకాలోనే యున్నదని 1885లో ప్రకటించెను. సూక్ష్మదర్శినితో పనిలేకయే, కేవలము పేర్ల పట్టికచేత తేల్చిన సత్యమిది. ఐనను లోకము దానిని ఇంచుమించు అర్ధశతాబ్దము మఱచిపోయెను.

ఆ మఱపునకు మూల్యము 1942లో చెల్లింపవలసి వచ్చెను. అమెరికా సైనికులకు ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలోని పీతజ్వరము రాకుండ టీకా వేయసాగిరి. ఆ టీకాలోని వైరసు చెడిపోకుండుటకై కొంత మానవ రక్తపు తేటను అందు కలిపిరి. ఆ తేటను దానముచేసినవారు ఆరోగ్యవంతులుగా కనబడిన యువతీయువకులు, వైద్యవిద్యార్థులు, నర్సులు. కొద్ది నెలలలో సుమారు 50 వేల మంది సైనికులు కామెర్లతో ఆసుపత్రులలో చేరిరి. ఏ సీసా టీకా ఏ దళమునకు పోయెనో చూచి, దానిని తయారుచేసిన తేట ఏ దాతలదో వెనుకకు నడచి చూడగా, ఆ దాతలలో కొందఱికి పూర్వము కామెర్లు వచ్చినట్లు తేలెను. నలువదియైదేండ్ల పిదప, 1987లో, ఆనాటి సైనికులను మరల వెదకి రక్తము పరీక్షించి, అది హెపటైటిసు బి యని ఋజువు చేసిరి. ఆసుపత్రి కెక్కకయే ఆ వైరసు సోకినవారితో కలిపి లెక్కించినచో మూడు లక్షలకు మించియుందురని అంచనా వేసిరి.

అదే యుద్ధకాలమున ప్లాస్మా వాడుక మొదలయ్యెను. రక్తమును కదలింపక నిలిపినను, యంత్రమున త్రిప్పినను, ఎఱ్ఱకణములు అడుగునకు దిగి, పైన లేత పసుపువన్నె గల ద్రవము తేరును. అదే ప్లాస్మా, అనగా రక్తరసము. దీనిని ఎండబెట్టి పొడిగా చేసి, డబ్బాలో పెట్టి, యుద్ధరంగమున శుద్ధజలముతో కలిపి గాయపడినవానికి ఎక్కింపవచ్చును. వేలకొలది ప్రాణములను అది నిలిపినమాట నిజము. కాని తయారీ సౌలభ్యముకొఱకు అనేక దాతల ప్లాస్మాను ఒకే పాత్రలో కలిపెడివారు. పాలవాడు పది యిండ్ల పాలు ఒకే బిందెలో పోసినట్లు! ఒక ఇంటి పాలు విఱిగినవైనచో బిందె బిందె అంతయు ఏమగునో గృహిణులకు మేము చెప్ప నక్కఱలేదు. కొరియా యుద్ధమున ప్లాస్మా ఎక్కించుకొన్న సైనికులలో సుమారు ఐదింట ఒకనికి కామెర్లు వచ్చినట్లు తేలెను. అతినీలలోహిత కిరణములతో శుద్ధి చేసితిమను ధైర్యము వట్టిదయ్యెను. 1953లో అమెరికా సైన్యము కలగలుపు ప్లాస్మాను మానుకొనెను. ప్లాస్మానుండి వేరుచేసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తును మాత్రము 60 డిగ్రీల వేడిమిలో పది గంటలసేపు ఉంచినచో అపాయము లేదని అప్పటికే కనుగొనియుండిరి. అందుచేత అది నేటికిని నిలిచినది.

నీటివలన వచ్చు కామెర్లకు ఎ యనియు, రక్తమువలన వచ్చువానికి బి యనియు 1947లో మెకాల్లమ్ అను వైద్యుడు పేరు పెట్టెను. న్యూయార్కు నగరమున విల్లోబ్రూక్ అను ఆశ్రమమున, మనోవికాసము చాలని పిల్లలకు కావలెనని వ్యాధి నంటించి, ఈ రెండును వేఱని క్రుగ్మన్ అను వైద్యుడు 1967లో నిరూపించెను. ఆ జ్ఞానము ఉపయోగపడినది. ఆ పద్ధతిని మాత్రము మేము మెచ్చజాలము. తమ మాట చెప్పుకొనలేని బిడ్డలపై చేసిన ప్రయోగమది.

అసలు వైరసు జాడ దానిని వెదకనివానికి దొరకెను. బారూక్ బ్లంబర్గ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఒక్కొక్క జాతివారి రక్తమున గల భేదములను తెలిసికొనగోరి, దేశదేశములనుండి రక్తపు తేటలను సేకరించి శీతలపేటికలలో దాచుచుండెను. 1963లో ఆయనయు, హార్వే ఆల్టర్ అను యువవైద్యుడును, పెక్కుమార్లు రక్తమెక్కించుకొన్న ఒక న్యూయార్కు హీమోఫీలియా రోగి తేటను, దూరమున ఆస్ట్రేలియా ఆదివాసి యొకని తేటను జిగురుపలకపై ఎదురెదురుగా ఉంచిరి. రెంటి నడుమ ఒక తెల్లని గీత యేర్పడెను. ఆదివాసి రక్తమున ఏదో పదార్థము కలదు. రోగి శరీరము ఎవరి రక్తమునుండియో దానిని ముందే ఎఱిగి, ఎదిరింప నేర్చినది. 1965లో దీనికి ఆస్ట్రేలియా ప్రతిజనకము అని పేరిడిరి. అది యేమియో కొన్నాళ్లు తెలియలేదు. ఆ ప్రయోగశాలలోనే పనిచేయు ఒక సహాయకురాలికి 1967లో నలతగా నుండి, తన రక్తమును తానే పరీక్షించుకొనగా ఆ గీత కనబడెను. పిమ్మట ఆమెకు కామెర్లు తేలెను. మఱుసటి సంవత్సరము అమెరికాలో ప్రిన్స్, జపానులో ఒకోచి, వేఱువేఱుగా పరిశోధించి, ఆ పదార్థము బి కామెర్లకే సంబంధించినదని స్థిరపఱచిరి. 1976లో బ్లంబర్గుకు నోబెల్ బహుమానము లభించెను. కామెర్ల వైద్యుడు కాని మనిషికి ఆ కీర్తి దక్కుట మాకు ఇప్పటికిని ముచ్చటగనే తోచును.

ఇప్పుడు దాతను పరీక్షించుటకు ఒక సాధనము చేత చిక్కెను. కాని పరీక్షకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి యుండెను: దాత యెవడు? డబ్బుకొఱకు రక్తము విక్రయించువాడు తనకు పూర్వము కామెర్లు వచ్చెనని చెప్పునా? చెప్పినచో ఆనాటి కూలి పోవును. అమ్మిన రక్తము ఎక్కువ అపాయకరమని స్టాన్‌ఫర్డ్ శస్త్రవైద్యుడు గారట్ ఆలెన్ ఏండ్ల తరబడి చాటెను. రిచర్డ్ టిట్మస్ అను ఆంగ్ల పండితుడు 1970లో ఈ విషయముపై ఒక గ్రంథమే వ్రాసెను. అదే సంవత్సరము అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆసుపత్రిలో విక్రేతలను మాన్పి, దాతలనే ఆశ్రయించి, క్రొత్త పరీక్షను కూడ ప్రారంభించిరి. రక్తమెక్కించుకొన్నవారిని ఆల్టర్ నెలల తరబడి పిలిపించి పరీక్షించుచుండుటచేత ఫలితము స్పష్టముగా తెలిసెను. అంతకుముందు మువ్వురిలో ఒకనికి వచ్చుచుండిన కాలేయ వ్యాధి, పదిమందిలో ఒకనికి దిగెను.

మన దేశమున ఈ పాఠము చాల ఆలస్యముగా నేర్చితిమి. రక్తము నమ్ముకొని బ్రదుకువారు నగరములలో ఆసుపత్రుల వాకిళ్ల నిలిచియుండుట పెద్దలకు జ్ఞాపకముండును. ప్లాస్మా విక్రయము ఇంకను ప్రమాదకరము. అందు రక్తము తీసి, ప్లాస్మాను వేఱుచేసి, ఎఱ్ఱకణములను మరల విక్రేతకే ఎక్కింతురు. కావున అతడు కొద్ది దినములకే మరల రాగలడు. పరికరములు శుభ్రముగా లేకున్నను, ఒకరి కణములు వేఱొకరికి కలిసినను, ఒకని వైరసు వరుసగా అందఱికి అంటును. పశ్చిమ భారతమున ఇట్టి ప్లాస్మా విక్రేతలను పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థవారు పరీక్షింపగా, వారిలో అత్యధికులకు హెపటైటిసు సి సోకియుండెను. చైనాలోని హెనాన్ రాష్ట్రమున 1990 ప్రాంతములలో ఇదే విధమున పల్లెలకు పల్లెలే ఎయిడ్సు పాలయ్యెను. పేదవాని చేతిలోనికి కొంత సొమ్ము వచ్చినదని మొదట సంతోషించిన పల్లెలవి. భారత సర్వోన్నత న్యాయస్థానము 1996 జనవరి 4న తీర్పు చెప్పి రక్తవిక్రయమును నిషేధింపుమనగా, 1998 జనవరి 1 నుండి అది అమలునకు వచ్చెను.

ఐతే విక్రయము లేనంతమాత్రమున అపాయము తొలగునా? ఐర్లండు దేశపు వృత్తాంతము విన్నచో కాదని తెలియును. మాకు ఈ చరిత్రలో అన్నింటికంటె మనసును కలచివేసిన ఘట్టమిదియే. ఆర్.హెచ్. నెగెటివు రక్తముగల తల్లికి పాజిటివు బిడ్డ పుట్టినచో, తరువాతి కాన్పులలోని బిడ్డలకు హాని కలుగకుండుటకై యాంటీ-డి అను సూదిమందు వేయుదురు. అది ప్లాస్మానుండియే తయారగును. ఐర్లండులో 1976-77 ప్రాంతమున చికిత్సకై ప్లాస్మా మార్పించుకొనుచుండిన ఒక రోగిణి ప్లాస్మాను ఈ మందునకు వినియోగించిరి. ఆమెకు నడుమ కామెర్లు వచ్చెను. ఐనను ఆ ప్లాస్మాను పాఱవేయలేదు. బాలింతలైన ఆరోగ్యవతులు, బిడ్డ మేలుకోరి, ఆ సూది వేయించుకొనిరి. పదునారేండ్లు గడచెను. కార్కు నగరమున రక్తనిధి వైద్యురాలు జోన్ పవర్, క్రొత్తగా వచ్చిన పరీక్షలో హెపటైటిసు సి గలవారుగా తేలిన స్త్రీ దాతల చిట్టాను పరిశీలించుచుండగా, ఇంచుమించు అందఱును నెగెటివు రక్తము గలవారే యని గుర్తించెను. అచటినుండి సూదిమందునకు, మందునుండి ఆ పాత ప్లాస్మాకు దారి దొరకెను. 1994 ఫిబ్రవరిలో దేశమునకు ఈ వార్త చెప్పవలసి వచ్చెను. 62,667 మంది స్త్రీలను పరీక్షింపగా 704 మందికి ఆ వైరసు సోకినట్లు ఆనవాళ్లుండెను. వారిలో 390 మంది రక్తమున అది ఇంకను జీవించియే యుండెను. ఇన్నేండ్లును ఆ తల్లులు తమ అలసటను ఇంటి చాకిరి యని, వయసని సరిపెట్టుకొనిరి.

ఈ సి జాతి వైరసును కనుగొనుట మఱింత కష్టమయ్యెను. ఎ కాదు, బి కాదు అను పేరుతోనే వైద్యులు దానిని 1975 నుండి పిలిచిరి. 1989లో మైకేల్ హౌటన్, ఆయన సహచరులు వ్యాధి సోకిన చింపాంజీ ప్లాస్మానుండి లక్షలాది జన్యుఖండములను జల్లెడపట్టి దాని జాడను పట్టిరి. అది నిజమా కాదా యని తేల్చుటకు ఆల్టర్ చిరకాలముగా దాచిన తేటలు పనికివచ్చెను. పేర్లు లేక సంకేతపు అంకెలతో పంపిన ఆ నమూనాలలో రోగులవి ఏవో, ఆరోగ్యవంతులవి ఏవో క్రొత్త పరీక్ష సరిగా చెప్పెను. 2020లో ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్ మువ్వురికి నోబెల్ బహుమాన మీయబడెను. భారతదేశమున ప్రతి రక్తపు సంచిని ఈ వైరసుకై పరీక్షించుట 2001లో విధి యయ్యెను.

ప్లాస్మా రోగమును మోసినట్లే, రక్షణను కూడ మోసినది. బి వైరసు పైపొర మాత్రము కొందఱి రక్తమున విస్తారముగా తేలియాడుచుండును. అట్టివారి ప్లాస్మానుండి ఆ పొరను వేఱుచేసి, వైరసును చంపి, 1981లో అమెరికాలో తొలి టీకాను విడుదల చేసిరి. వ్యాధిగల దాత ప్లాస్మాయే మందునకు ముడిసరుకయ్యెను! పిమ్మట ఈస్టు కణములలోనే ఆ పొరను పెంచు విద్య వచ్చెను. కాని దిగుమతి టీకా వెల వందల రూపాయలు; సామాన్యునకు అందని పండు. నెల్లూరు సీమవాడైన వరప్రసాదరెడ్డి, ఎలక్ట్రానిక్సు చదివిన మనిషి, 1993లో హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో మన దేశపు తొలి జన్యుసంయోజిత బి టీకాను వెలువరించెను. దాని రాకతో వెల పదుల రూపాయలకు దిగెను. 2011 నాటికి ఈ టీకా దేశమంతటను శిశువులకు ఉచితమయ్యెను. పుట్టిన ఇరువదినాలుగు గంటలలో మొదటి మోతాదు వేయవలెనని వైద్యులు పట్టుపట్టుటకు కారణమున్నది. పెద్దవానికి ఈ వైరసు సోకినచో పెక్కుసార్లు శరీరమే దానిని వెళ్లగొట్టును. పసికందునకు సోకినచో పదింట తొమ్మిది పాళ్లు జన్మాంతము నిలిచిపోవును. కాలేయము గట్టిపడుట, క్యాన్సరు ముప్పదియేండ్లకో నలువదియేండ్లకో బయటపడును. ప్రభుత్వపు అంచనాలలో దేశమున బి వైరసు గలవారు సుమారు నాలుగు కోట్లు. వారిలో పెక్కుమందికి ఆ సంగతి తెలియదు.

తెలియు మార్గములలో ముఖ్యమైనది రక్తదానమే. కరీంనగరు వైద్యకళాశాలలలో గాని, 2008లో ఆదిలాబాదున వెలసిన రిమ్స్ ఆసుపత్రిలో గాని, రక్తనిధిలో తీసిన ప్రతి సంచిని బి, సి కామెర్లకు, ఎయిడ్సుకు, సవాయికి, మలేరియాకు పరీక్షింపక ఎవరికిని ఎక్కింపరాదని శాసనము. ఎవని సంచిలోనైన వ్యాధి కనబడినచో ఆ సంచిని నాశనముచేసి, దాతను పిలిపించి చెప్పుదురు. ఇచట మేము చూచిన చిక్కొకటి కలదు. పిలుపు అందుకొన్న యువకుడు, పెండ్లి చెడునేమో, ఊరివారేమందురో యని, మరల ఆ గడప త్రొక్కడు. కొందఱు నేల ఉసిరి తిని ఊరకుందురు. ఆ మొక్కపై కూడ పరిశోధన జరిగినదని తెలిసినచో శ్రోతలు ఆశ్చర్యపడుదురు. మద్రాసున త్యాగరాజన్, ఆయన సహచరులు, వారితో సాక్షాత్తు బ్లంబర్గు కూడ కలిసి, 1988లో ప్రకటించిన ప్రయోగమున, మొక్క పొడి తిన్న 37 మందిలో 22 మందికి వైరసు పొర మాయమైనదనిరి. వట్టి పొడి తిన్న 23 మందిలో ఒక్కనికే. లోకమంతయు ఆశపడెను. కాని తరువాత ఇతర చోట్ల చేసిన ప్రయోగములలో ఆ ఫలితము నిలువలేదు. పసరును నమ్మి ఆసుపత్రిని మానుట అందుచేత తగదు. 2018 జూలై 28న, బ్లంబర్గు పుట్టినదినమున, కేంద్రప్రభుత్వము కామెర్ల నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. సి వైరసునకు ఇప్పుడు మూడు నెలల మాత్రలున్నవి. నూటికి తొంబదియైదుగురు నయమగుదురు. బి వైరసు పూర్తిగా పోకున్నను, దానిని అణచియుంచు మాత్రలు కలవు. రెండును ఆ కార్యక్రమమున ఉచితములు. ఇంటిలోని తక్కినవారికి టీకా వేయించిన చాలును. ఒకే కంచమున తినినను, ఒకే చాపపై కూర్చున్నను ఈ రెండు వైరసులు అంటవు.

పరీక్ష కూడ సర్వజ్ఞము కాదు. వైరసు సోకిన తొలి వారములలో అది పరీక్షకు చిక్కదు. జన్యుపదార్థమునే పట్టు క్రొత్త పరీక్ష ఆ వ్యవధిని తగ్గించినదిగాని, దానికి అయ్యెడి వ్యయముచేత అన్ని రక్తనిధులలోను అది లేదు. అందుచేతనే దాతను సంచి తగిలించుటకు ముందు ప్రశ్నలడుగుదురు. ఇటీవల పచ్చబొట్టు పొడిపించుకొన్నారా, కామెర్లు వచ్చినవా, శస్త్రచికిత్స జరిగినదా యని. కొందఱు విసుగుకొందురు. ఆ ప్రశ్నలు బ్రెమెన్ నాటినుండి వచ్చినవని వారెఱుగరు.

ఈనాడు దానమిచ్చిన ఒక సంచి రక్తము, విభజించు యంత్రములున్న చోట, రెండు మూడు భాగములగుచున్నది. ఎఱ్ఱకణములు ఉట్నూరు వైపునుండి వచ్చిన సికిల్ సెల్ బిడ్డకు పోవచ్చును. ప్లాస్మా గడ్డకట్టించి దాచబడి, కాలినగాయముల రోగికో, కాలేయము చెడినవానికో పోవును. మిగిలినది కర్మాగారమునకు పోయి, వేలమంది ప్లాస్మాతో మరల ఒకే పాత్రలో కలియును. ఆ పాత్రలోనుండియే హీమోఫీలియా బాలురకు మందు వచ్చును. కలుపుటకు ముందు ఒక్కొక్క సంచిని పరీక్షించుట, కలిపిన పిమ్మట వేడిచేతను రసాయనములచేతను వైరసులను చంపుట ఈనాటి పద్ధతి. సంచిపై దాత పేరుండదు, అంకె యుండును. ఆ అంకె రక్తనిధి చిట్టాలో ఒక పేరునకు, ఆసుపత్రి చిట్టాలో మఱియొక పేరునకు ఎదురుగా వ్రాయబడి యుండును.